హోల్డెన్ నాకు నచ్చలేదని రాయవచ్చా?

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని. ఇంగ్లీషు సాహిత్యం నా సబ్జెక్టుల్లో ఒకటి. మా సారు అమెరికన్ రచయిత శాలింజర్ రాసిన 'ది క్యాచర్ ఇన్ ది రై' నవల చదివి, మాకేమనిపించిందో సొంత మాటల్లో నాలుగు పేజీలు రాసి తెమ్మన్నారు. సగం వరకూ నాకు అందులో కథ చెప్పే కుర్రాడు హోల్డెన్ మీద కోపమే వచ్చింది. నాలుగు సబ్జెక్టులు తప్పి, బడి నుంచి పంపేస్తే, జేబులో డబ్బుతో న్యూయార్క్ హోటళ్లలో, టాక్సీల్లో తిరుగుతాడు. ఇంటర్‌లో నా హాస్టల్ ఫీజు కోసం మా నాన్న వడ్డీకి అప్పు తెచ్చారు. ఒక్క పరీక్ష పోతే ఏమవుతుందోనని రెండేళ్లు సరిగ్గా నిద్రపోలేదు. అతని బాధ నాకు బాధలా కనిపించలేదు. కానీ అతని తమ్ముడి బేస్‌బాల్ గ్లోవ్ (బంతి పట్టే తోలు తొడుగు) సంగతి వచ్చినచోట పుస్తకం మూసేశాను. హాస్టల్లో నా పక్కమంచం స్నేహితుడు ఫిజిక్స్ నోట్‌బుక్ అంచుల్లో పాటల పల్లవులు రాసుకునేవాడు. మొదటి సంవత్సరం మధ్యలో ఒకరోజు వాళ్ల నాన్న వచ్చి, ట్రంకుపెట్టెతో సహా తీసుకెళ్లిపోయారు. మళ్లీ మేం మాట్లాడుకోలేదు. నోట్‌బుక్ నా దగ్గరే ఉండిపోయింది. ఇదంతా వ్యాసంలో రాశాను. మా క్లాసు కుర్రాడు చదివి, "ఇందులో నవల ఎక్కడుంది? ఒంటరితనం, అమాయకత్వం కోల్పోవడం అని రాస్తేనే మార్కులు" అన్నాడు. చించేశాను. అందరూ రాసేదే మళ్లీ రాసి పెట్టుకున్నాను. వచ్చే సోమవారం ఇవ్వాలి. నచ్చలేదని రాస్తే తప్పా? నా సంగతి రాయవచ్చా? ఈ పుస్తకం చదివి ఒకడు హత్య చేశాడట, ఎందుకు చదువుతావని మా బాబాయి అంటున్నారు. తెలుగులో ఇలాంటి నవల ఏదైనా ఉందా?
— ఒక విద్యార్థి

జవాబు: బాబూ, నీ ఉత్తరంలో 'చించేశాను' అన్న మాట దగ్గర చాలాసేపు ఆగాను. నువ్వు చేసిన పనే నవలలో హోల్డెన్ కూడా చేస్తాడు. అదీ నువ్వు పుస్తకం మూసేసిన చోటికి రెండు మూడు పేజీల దూరంలోనే. గదిలో తనతో ఉండే స్ట్రాడ్‌లేటర్ షికారుకు వెళ్తూ, ఇంగ్లీషు క్లాసుకు ఒక వ్యాసం రాసిపెట్టమంటాడు. ఏదో ఒక గదినో ఇంటినో వర్ణించాలి. హోల్డెన్‌కు వర్ణించదగ్గ గదీ తోచదు, ఇల్లూ తోచదు. రక్త క్యాన్సర్‌తో చనిపోయిన తమ్ముడు అల్లీ బేస్‌బాల్ గ్లోవ్ గుర్తుకొస్తుంది. మైదానంలో నిలబడ్డప్పుడు, బ్యాటు పట్టుకుని ఎవరూ రాని వేళ చదువుకోవడానికని ఆ పిల్లవాడు గ్లోవ్ వేళ్ల మీద, అరచేతి గుంటలో, అంతటా కవితలు రాసుకున్నాడు. హోల్డెన్ దాన్నే వర్ణిస్తాడు. రాత్రి తిరిగొచ్చిన స్ట్రాడ్‌లేటర్ చదివి మండిపడతాడు. గది గురించి రాయమంటే గ్లోవ్ గురించి రాస్తావా, ఏ పనీ చెప్పినట్టు చేయవు గదా అంటాడు. హోల్డెన్ ఆ కాగితాలు లాక్కుని ముక్కలు చేసి చెత్తబుట్టలో పడేస్తాడు.

మీ క్లాసు కుర్రాడు నీతో అన్నదీ, స్ట్రాడ్‌లేటర్ హోల్డెన్‌తో అన్నదీ ఒకటే మాట. నువ్వు వాళ్లిద్దరికీ తలవంచినందుకు నాకు బాధగా ఉంది. కానీ సోమవారం ఇంకా రాలేదు గనుక బెంగ లేదు.

ఈ నవలను తిరగబడ్డ కుర్రాడి కథగానే అందరూ చెబుతారు. నువ్వు ఒకసారి దీన్ని వ్యాసాలు రాసే కుర్రాడి కథగా తిరగేసి చూడు. మొదట్లోనే ముసలి చరిత్ర మాస్టారు స్పెన్సర్ ఇంటికి హోల్డెన్ వీడ్కోలు చెప్పడానికి వెళ్తాడు. ఆయన ఫ్లూ జ్వరంతో మంచం దగ్గరే ఉండి, వీడు తప్పిన పరీక్ష పేపరు తీసి, వీడి ముందే పైకి చదువుతాడు. ఈజిప్టు మీద వ్యాసం. ఈజిప్షియన్లు ప్రాచీన జాతివారు, ఆఫ్రికా ఉత్తర భాగంలో ఉండేవారు, శవాలను శతాబ్దాల పాటు కుళ్లకుండా చుట్టిపెట్టడానికి వాళ్లు ఏం వాడారో ఆధునిక శాస్త్రానికి ఇంకా కావాలి... అంతే. ఎక్కడో విన్న నాలుగు ముక్కలు అతికించిన రాత. నువ్వు ఇప్పుడు 'అందరూ రాసేదే' అంటూ పెట్టుకున్న ప్రతి సరిగ్గా ఆ ఈజిప్టు వ్యాసమే. అందులో తప్పేమీ ఉండదు, మనిషి కూడా ఉండడు.

ఇక్కడ ఒక మాట పక్కకు వెళ్లి చెప్పాలి. అంత డొల్ల వ్యాసంలో కూడా హోల్డెన్ చేయి ఒకే ఒక్క విషయం మీదికి పోయింది: చనిపోయినవాళ్లను పాడవకుండా ఎలా దాచుకోవడం? ఈజిప్టులో నదీ ఉంది, రాజులూ ఉన్నారు, పిరమిడ్లూ ఉన్నాయి. తమ్ముడిని పోగొట్టుకున్న పిల్లవాడికి మాత్రం శవాలే గుర్తున్నాయి. నవల చివర్లో మ్యూజియంలో ఇద్దరు చిన్నపిల్లలు మమ్మీలు ఎక్కడున్నాయని అడిగితే దారి చూపించేదీ వీడే. స్పెన్సర్ మాస్టారు ఆ వ్యాసంలో అజ్ఞానాన్ని చూశారు, మంచి మనిషే అయినా అంతకు మించి చూడలేకపోయారు. మన చేత్తో మనం రాసిన మొక్కుబడి రాతలో కూడా మనం ఎక్కడో ఒకచోట బయటపడతాం. నీ రెండో ప్రతిని కూడా ఒకసారి ఆ దృష్టితో చదువుకో. ఏదో ఒక వాక్యం దగ్గర నీ గొంతు వినిపిస్తుంది. దాని కింద గీత గీసి ఉంచు.

ఇంకొక ఘట్టం ఉంది. నీ ప్రశ్నకు అసలు జవాబు అక్కడే దొరుకుతుంది. హోల్డెన్‌ను పంపేసిన పెన్సీ బడిలో మౌఖిక ప్రసంగం అని ఒక క్లాసు. విన్సన్ అనే మాస్టారు చెబుతాడు. ఒక్కొక్కరూ లేచి మాట్లాడాలి, మాట్లాడేవాడు విషయం వదిలి పక్కకు పోగానే క్లాసంతా 'విషయాంతరం!' అని అరవాలి. రిచర్డ్ కిన్సెల్లా అనే కుర్రాడు వాళ్ల నాన్న వెర్మాంట్‌లో కొన్న పొలం గురించి మొదలుపెట్టి, ఉన్నట్టుండి వాళ్ల మామయ్య సంగతిలోకి వెళ్లాడు. ఆయనకు 42వ ఏట పోలియో వచ్చింది. కాలికి వేసిన ఇనుప పట్టీతో తనను ఎవరూ చూడకూడదని ఆసుపత్రికి ఎవరినీ రానివ్వలేదు. క్లాసంతా అరిచింది. పొలంలో ఏం పండుతుందో చెప్పలేదని మాస్టారు ఆ ప్రసంగానికి ఫెయిల్ మార్కు వేశాడు. హోల్డెన్‌కు మాత్రం ఆ క్లాసు మొత్తంలో నచ్చిన ప్రసంగాలు ఆ కుర్రాడివే.

ఇదంతా అతను పాత మాస్టారు ఆంటోలినికి చెబుతాడు, అర్ధరాత్రి దాటాక, ఆయన ఇంట్లో. ఆంటోలిని మంచి ప్రశ్నే వేస్తాడు. మామయ్య ఇనుప పట్టీ అంత గొప్ప విషయమైతే, పొలం బదులు దాన్నే మొదటినుంచీ ఎందుకు ఎంచుకోకూడదు? హోల్డెన్ అలసిపోయి ఉన్నాడు, తలనొప్పి. అయినా చెబుతాడు: మనకు ఎక్కువ ఇష్టం లేనిదేదో మాట్లాడుతూ ఉంటేనే, ఎక్కువ ఇష్టమైనది ఏదో చాలాసార్లు తెలిసేది.

నా మటుకు నాకు ఇద్దరి మాటా నిజమే. నువ్వు చించేసిన మొదటి ప్రతి హోల్డెన్ చెప్పినట్టు రాసినది. కోపంతో మొదలుపెట్టావు, రాస్తూ రాస్తూ ఫిజిక్స్ నోట్‌బుక్ దగ్గరకు చేరావు. అది రాయకుండా ఆ చోటు నీకు దొరికేది కాదు. ఇప్పుడు రాయబోయే మూడో ప్రతి ఆంటోలిని చెప్పినట్టు రాయి. దారితప్పి చేరిన ఆ చోటునే మొదటి పేరాలో పెట్టు. అప్పుడు విషయాంతరం అని ఎవరూ అరవలేరు, అదే విషయం గనుక.

నా ఉద్యోగ కాలంలో నేను దిద్దిన కాగితాల కట్టలు గుర్తుకొస్తున్నాయి. నలభై మంది రాస్తే ముప్పైమంది మొదటి వాక్యం ఒకటే ఉండేది. చదివి చదివి నా ఎర్రకలం దానంతటదే టిక్కులు పెట్టుకుంటూ పోయేది. ఎక్కడో ఒక పిల్లో పిల్లవాడో 'నాకు ఇక్కడ విసుగొచ్చింది' అని రాస్తే నిటారుగా కూర్చునేదాన్ని. మీ సారు 'మీ మాటల్లో' అని అడిగారంటే ఆయనకూ అలాంటి వాక్యమే కావాలి. సందేహముంటే సోమవారానికి ముందే స్టాఫ్ రూముకు వెళ్లి, 'నా అనుభవం ఒక పేజీ వరకూ రాయవచ్చా సార్' అని నేరుగా అడుగు. అడగడానికి ఐదు నిమిషాలు చాలు.

నచ్చలేదని రాయవచ్చా అన్నావు. నిక్షేపంగా రాయి. కాకపోతే నచ్చలేదు అన్నది తీర్పు. తీర్పు ఒక్క వాక్యంలో అయిపోతుంది, మిగిలిన నాలుగు పేజీలూ ఏం రాస్తావు? ఏ పేజీలో, ఏ పని చేసినప్పుడు, ఏ మాట అన్నప్పుడు నీకు ఒళ్లు మండిందో చెప్పు. హోల్డెన్ కూడా ఒక పుస్తకం గురించి తనకేమనిపించిందో చెబుతాడు, గుర్తుందా? రైల్వే స్టేషన్ దగ్గర ఫలహారశాలలో ఇద్దరు సన్యాసినులు కలుస్తారు. ఒకామె ఇంగ్లీషు టీచరు. 'రోమియో అండ్ జూలియట్' మాట వస్తుంది. తనకు ఆ ఇద్దరు ప్రేమికుల చావు కంటే రోమియో స్నేహితుడు మెర్క్యూషియో చావే ఎక్కువ బాధ కలిగించిందంటాడు. తెలివైనవాడు, అందరినీ నవ్వించేవాడు, ఇంకొకరి తప్పు వల్ల చచ్చిపోతే తట్టుకోలేనంటాడు. ప్రేమకథ చదివి ప్రేమికుల కోసం కాక పక్కపాత్ర కోసం బాధపడ్డాడు. అల్లీ పేరు ఆ సంభాషణలో ఎక్కడా రాదు. అయినా మనకు వినిపిస్తుంది. చూశావా, సొంత స్పందన అంటే అలా ఉంటుంది. పేరు, సన్నివేశం, కారణం. మూడు వాక్యాల్లో మనిషి మొత్తం కనిపించాడు.

ఇక డబ్బు సంగతి. నీ కోపాన్ని నేను తక్కువ చేయను. అమ్మమ్మో నానమ్మో పుట్టినరోజు డబ్బు ఏడాదికి నాలుగుసార్లు పంపే ఇంట్లో పుట్టి, బడి మారడం అంగీ మార్చడంలా జరిగిపోయే కుర్రాడిని చూసి, వడ్డీ లెక్కల మధ్య పెరిగినవాడికి కోపం రాకపోతే ఆశ్చర్యం. ఆ కోపాన్ని వ్యాసంలో దాచకు. ఈ నవల 1951లో వచ్చింది. ఏడు దశాబ్దాలుగా దీన్ని చదువుతున్న కోట్లమందిలో చాలామంది ఆ ప్రశ్న వేయలేదు, ఎందుకంటే వాళ్లకు ఫీజు బాధ లేదు. నీకు ఉంది. అందుకే నీకు కనిపించింది, వాళ్లకు కనిపించలేదు.

అయితే ఒక్క ఘట్టాన్ని పక్కన పెట్టుకుని ఆ కోపాన్ని పరీక్షించు. అది నువ్వు కోపంలో దాటేసి ఉంటావని నా అనుమానం. ఆ సన్యాసినుల చేతుల్లో చవకరకం సూట్‌కేసులు చూడగానే హోల్డెన్‌కు ఎల్క్‌టన్ హిల్స్ అనే పాత బడిలో తన గదిలో ఉన్న డిక్ స్లాగల్ గుర్తుకొస్తాడు. స్లాగల్ సూట్‌కేసులు చవకవి. హోల్డెన్‌వి అసలైన తోలువి, ఖరీదైనవి. స్లాగల్ సిగ్గుపడి తనవి మంచం కిందికి తోసేసేవాడు. అతన్ని చిన్నబుచ్చకూడదని హోల్డెన్ తనవి కూడా అరమీద నుంచి తీసి మంచం కింద పెట్టాడు. మర్నాడు స్లాగల్ ఏం చేశాడు? హోల్డెన్ పెట్టెలు తీసి మళ్లీ అరమీద పెట్టాడు. ఎందుకో హోల్డెన్‌కు కొన్నాళ్లకు గాని అర్థం కాలేదు. చూసేవాళ్లు అవి తనవే అనుకోవాలని. పైకి మాత్రం హోల్డెన్ వస్తువులన్నీ డబ్బున్నవాళ్ల సోకులని ఎగతాళి చేసేవాడు. రెండు నెలలకు ఇద్దరూ వేరే గదులు అడిగి విడిపోయారు. విడిపోయాక హోల్డెన్‌కు వాడు లేని లోటు తెలిసింది.

నాకు ఈ నవలలో అన్నిటికంటే గట్టి పేజీ ఇదే. డబ్బున్నవాడి మంచితనం ఎంతవరకు పోగలదు, ఎక్కడ ఆగిపోతుంది అన్నది ఒక జత పెట్టెలతో చెప్పాడు రచయిత. హోల్డెన్ డబ్బు గురించి తెలియనివాడు కాదు. తెలిసీ ఏమీ చేయలేనివాడు. నువ్వు స్లాగల్ వైపు నిలబడి ఆ పేజీని చదవగలవు. నీ స్నేహితుడి ట్రంకుపెట్టె గుర్తుండే ఉంటుంది, నీ మంచం కింద నీ పెట్టె కూడా. అవి ఏ మంచం కింద ఎలా ఉండేవో రాయి. ఆ పేజీ చదివాక కూడా నీ కోపం తగ్గకపోతే, తగ్గలేదనే రాయి. తగ్గితే ఎంత తగ్గిందో రాయి.

ఇంటర్ హాస్టల్లో రెండేళ్లు ఉన్నవాడివి, ఇంకో చోట కూడా నువ్వు ఆగి ఉండాల్సింది. పెన్సీ బడి పత్రికల్లో ప్రకటనలు వేసుకుంటుంది. బొమ్మలో ఒక కుర్రాడు గుర్రమెక్కి కంచె దూకుతుంటాడు. కింద, 1888 నుంచి మేము బాలురను చక్కని ఆలోచనాపరులుగా తీర్చిదిద్దుతున్నాం అన్న గొప్ప. ఆ బడి చుట్టుపక్కల ఒక్క గుర్రాన్ని కూడా తానెప్పుడూ చూడలేదంటాడు హోల్డెన్. ఫలితాల మర్నాడు మన పేపర్ల మొదటి పేజీలో వచ్చే ర్యాంకుల ప్రకటనలు, వరుసలు వరుసలుగా పాస్‌పోర్టు ఫొటోలు, వాటిలో లేని పిల్లల సంగతి నీకు నేను చెప్పాలా? హోల్డెన్ పదేపదే వాడే ఆ ఇంగ్లీషు తిట్టు, 'ఫోనీ', ఇలాంటి గుర్రాల గురించే. ఆ మాటకు తెలుగులో ఒక్క మాట వెతికి చూడు. 'బూటకం' అంటే మరీ పెద్ద నేరమైపోతుంది. 'నటన' అంటే కళ అయిపోతుంది. 'పైపూత' కొంచెం దగ్గరికి వస్తుంది. ఇంకా మంచిది నీకు తోచవచ్చు, మీ ఊళ్లో వాడే మాట.

ఈ మాట ఎందుకు ఎత్తానంటే, నీ మూడో ప్రతి మొదట తెలుగులో రాసుకోమని సలహా. మీ సారు ఇంగ్లీషులోనే అడిగి ఉంటారు, ఫరవాలేదు. మన పిల్లలు ఇంగ్లీషులో నేరుగా రాస్తే ముందుగా చేతికి వచ్చేవి గైడ్లలోని వాక్యాలే. ఒంటరితనం, అమాయకత్వం కోల్పోవడం లాంటి మాటలు తయారుగా కుట్టిపెట్టిన చొక్కాల్లాంటివి, ఎవరికైనా పడతాయి, ఎవరికీ సరిగ్గా కుదరవు. తెలుగులో అయితే 'నాకు ఒళ్లు మండింది' అని రాస్తావు. తర్వాత దానికి ఇంగ్లీషు వెతుక్కుంటావు. ఆ ఇంగ్లీషు కాస్త గరుకుగా ఉన్నా నీదవుతుంది.

సొంత స్పందన అన్నారు కదా అని నవలలో లేనిది ఉన్నట్టు రాయకు. దానికీ హోల్డెన్ కథలోనే పాఠం ఉంది. నవల పేరు రాబర్ట్ బర్న్స్ అనే స్కాట్లండ్ కవి పాటలోంచి వచ్చింది. రై అంటే గోధుమ, బార్లీ జాతి పంట. ఆ చేనులో ఒకరు ఇంకొకరిని 'పట్టుకుంటే' అని హోల్డెన్ గుర్తుపెట్టుకున్నాడు. దాని మీద పెద్ద కలే కట్టుకున్నాడు: చేనులో వేలమంది పిల్లలు ఆడుకుంటుంటారు, తాను కొండ అంచున నిలబడి పడిపోబోయేవాళ్లను పట్టుకుంటూ ఉంటాడు. పదేళ్ల చెల్లెలు ఫీబీ వెంటనే సరిచేస్తుంది. పాటలో ఉన్నది 'పట్టుకుంటే' కాదు, 'కలిస్తే'. అన్నకు ఆ కల ఎందుకు వచ్చిందో ఆ పిల్లకు తెలుసు, అయినా మాట మాత్రం తప్పని చెప్పింది. నీ వ్యాసం పూర్తయ్యాక నువ్వే ఫీబీవై కూర్చుని, నవలలోంచి తీసుకున్న ప్రతి పేరూ ప్రతి సంఘటనా పుస్తకం తెరిచి సరిచూసుకో. కల నీ ఇష్టం వచ్చినట్టు కట్టుకో, మాట మాత్రం పుస్తకంలో ఉన్నట్టే ఉండాలి. మీ క్లాసు కుర్రాడు 'నవల ఎక్కడుంది' అన్నదాంట్లో అంతవరకు న్యాయముంది. నోట్‌బుక్ గురించి ఒక పేజీ రాస్తే, మిగిలిన మూడు పేజీలు ఆ నోట్‌బుక్ వల్ల నవలలో నీకేం కనిపించిందో రాయి. స్నేహితుడి పేరు, ఊరు, వాళ్ల నాన్న ఎందుకు తీసుకెళ్లారన్న నీ ఊహలు రాయకు. అవి అతనివి, చెప్పాలనుంటే అతనే చెబుతాడు.

నీ ఉత్తరంలో ఇంకొక వాక్యం ఉంది, రెండేళ్లు సరిగ్గా నిద్రపోలేదని. ఫీజు మాటల మధ్య దాన్ని అలా దొర్లించేశావు గాని నేను దాటలేను. న్యూయార్క్‌లో రైలు దిగగానే హోల్డెన్ చేసే మొదటి పని ఫోన్ బూత్‌లోకి దూరడం. అన్న, చెల్లెలు, ఒకప్పటి స్నేహితురాలి తల్లి, ఇంకా ఒకరిద్దరు, ఒక్కొక్కరినే తలచుకుని, ఏదో ఒక కారణం చెప్పుకుని మానేస్తాడు. సుమారు ఇరవై నిమిషాలు అందులో నిలబడి ఎవరికీ చేయకుండానే బయటికి వస్తాడు. నవల మొత్తం మీద నాకు భయం వేసిన చోటు అదే. ఆ నిద్రలేని రాత్రులు ఇప్పటికీ వస్తుంటే, బూత్‌లోంచి ఊరికే బయటికి రాకు. ఇంట్లో అమ్మతోనో నాన్నతోనో చెప్పు. చెప్పలేకపోతే 14416కు చెయ్యి. అది మనసు బాగోలేనివాళ్లకు సాయం చేయడానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోన్ సేవ, పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడవచ్చు. అప్పు చేసి చదివించిన నాన్నకు కొడుకు నిద్రపోవడం లేదని తెలియడం అప్పు కంటే బరువేమీ కాదు.

మీ బాబాయిగారి మాట. ఆయన విన్నది నిజమే. 1980 డిసెంబరులో న్యూయార్క్‌లో గాయకుడు జాన్ లెనన్‌ను కాల్చి చంపినవాడి దగ్గర ఈ పుస్తకం దొరికింది. పెద్దలకు ఈ నవలంటే భయం అంతకుముందు కూడా ఉంది. 1960లో ఓక్లహోమా రాష్ట్రం టల్సాలో దీన్ని పాఠంగా చెప్పినందుకు ఒక టీచరు ఉద్యోగం పోయింది, తర్వాత మళ్లీ తీసుకున్నారు. బాబాయిగారితో వాదించకు. నవల చివరి కొన్ని పేజీల కథ ఆయనకు తెలుగులో చెప్పు. ఇల్లు వదిలి పడమటికి పారిపోదామనుకున్న కుర్రాడు, తనతో వస్తానని పెట్టె ఈడ్చుకుంటూ వచ్చిన చెల్లెలిని చూసి ప్రయాణం మానుకుంటాడు. ఆ పిల్ల రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే వానలో తడుస్తూ బెంచీ మీద కూర్చుని, సంతోషంతో ఏడుపు వచ్చినంత పనవుతుంది. హంతకుడు ఈ పేజీలు కూడా చదివే ఉంటాడు. వాడికి అవి పట్టలేదంటే తప్పు పేజీలది కాదు. వినడానికి ఇష్టపడితే ఇంకొక సంగతి కూడా చెప్పు. ఈ నవల రాసిన శాలింజర్ రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుడు, 1944 జూన్ 6న ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో దిగినవాడు. హోల్డెన్ కథలు యుద్ధకాలంలోనే మొదలుపెట్టాడు. తర్వాతి రోజుల్లో రామకృష్ణ పరమహంస బోధలు శ్రద్ధగా చదువుకున్నాడు, న్యూయార్క్‌లోని స్వామి నిఖిలానందతో పరిచయం ఉండేది. బాబాయిగారికి ఆ చివరి మాట నచ్చుతుందేమో.

తెలుగులో అచ్చం ఇలాంటిది అడిగితే చెప్పలేను, అలా వెతకనూ కూడదు. కానీ నీ డబ్బు కోపానికి సమాధానంగా నవీన్ రాసిన 'అంపశయ్య' చదువు. 1969లో వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివే రవి అనే కుర్రాడి ఒక్క రోజు, తెల్లవారింది మొదలు రాత్రి వరకు, వాడి మనసులో మెదిలినదంతా. ఆ నవల పేరే రచయిత ఇంటిపేరై కూర్చుంది. రవి హోల్డెన్ కంటే వయసులో పెద్ద, పల్లె నుంచి వచ్చినవాడు. న్యూయార్క్ టాక్సీలు లేని చోట కుర్రాడి మనసు ఎలా కొట్టుకుంటుందో చూడాలంటే అది నీకు దగ్గరగా ఉంటుంది. సోమవారం అయ్యాక చదువు, ముందే మొదలుపెడితే వ్యాసం మునుగుతుంది.

ఒక పుస్తకం పూర్తిచేశాక దాని రచయిత మన స్నేహితుడైతే బాగుండును, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఫోన్ చేసి మాట్లాడవచ్చు అనిపించాలి, అదే మంచి పుస్తకమంటాడు హోల్డెన్. శాలింజర్ ఆ భాగ్యం ఎవరికీ ఇవ్వలేదు. 1953లో న్యూయార్క్ వదిలి కోర్నిష్ అనే పల్లెకు పోయి, 2010లో చనిపోయేవరకు పాఠకులకు దూరంగానే బతికాడు. నువ్వు ఫోన్ చేయాల్సిన మనిషి ఆయన కాదు. పాత హాస్టల్ మిత్రులెవరి దగ్గరో నీ స్నేహితుడి నంబరు ఉంటుంది, అడుగు. నోట్‌బుక్ నా దగ్గరే ఉంది, పంపనా అని అడగడానికి చాలా మంచి సాకు ఉంది నీకు. వ్యాసానికి ముందా తర్వాతా అన్నది నీ ఇష్టం. నేనైతే ముందే చేస్తాను.

ఈ రాత్రి ఆ నోట్‌బుక్ తీసి ముందు పెట్టుకుని కూర్చో. అల్లీ గ్లోవ్ మీద రాసుకున్నది ఆకుపచ్చ సిరాతో, హోల్డెన్ ఆ రంగు మరిచిపోకుండా చెబుతాడు. నీ స్నేహితుడు పల్లవులు ఏ రంగు సిరాతో రాసుకున్నాడో నువ్వు నాకు రాయలేదు. ఏ పాట పల్లవి, ఏ లెక్క పక్కన రాశాడో కూడా రాయలేదు. అక్కడినుంచి మొదలుపెట్టు.